సన్యాసయ్యగారి సగం ఆరాధన

మా సన్యాసయ్యగారికి ఏ పనైనా సగం చెయ్యడం అలవాటు. బద్ధకం వల్ల కాదు, చేతకాకా కాదు. అదొక సిద్ధాంతం. కొత్త పని ఏది వచ్చినా దాన్ని కొబ్బరికాయలా రెండు చెక్కలు చేసి, ఒక చెక్క ఇప్పుడు, రెండోది తరవాత అనేవాడు. ఆ తరవాత ఎప్పుడని అడిగితే "వత్తాది బాబూ, అదే వత్తాది" అని నవ్వేవాడు. ఆయనతో పనిచేసిన కాలంలో నా జుట్టు సగం నెరిసింది. మిగతా సగం వయసు వల్ల నెరిసింది కాబట్టి దానికి ఆయన్ని తప్పుపట్టను.

ఆయన మెరకపేట క్రైస్తవ సంఘానికి పాస్టరు. ఊరంతా అయ్యగారనేవారు. బాప్తిస్మం నాడు మిషను దొరగారు శామ్యూలు అని పేరు పెడితే, పేరు కూడా సగమే మార్చుకుని శామ్యూలు సన్యాసయ్య అయ్యాడు. పేరుకి సన్యాసే గాని, ఇంట్లో పైడమ్మ అనే భార్య, అరడజను మంది పిల్లలు. అక్కడ కూడా డజను పూర్తి చెయ్యలేదని జనం నవ్వుకునేవారు. మిషనువాళ్ళు ఇచ్చిన నల్లకోటు, దాని కింద మోకాళ్ళదాకా ఎగ్గట్టిన పంచె, చెప్పుల్లేని కాళ్ళు. నడుం పైన దొర, నడుం కింద మెరకపేట.

మెరకపేట నౌపడ ఉప్పు మడులకి, టెక్కలి పోయే రోడ్డుకి నడుమ ఉన్న చిన్న పేట. ఎండాకాలం ఉప్పు మడుల్లో పని, వానాకాలం ఊరి భూస్వామి బుగతగారి పొలాల్లో పని. ఢిల్లీలో కొత్త చక్రవర్తికి పట్టాభిషేకం జరిగిన మరుసటి ఏడు నేను అక్కడి మిషను బడికి మేష్టరుగా వచ్చాను. భీమునిపట్నంలో చదువుకున్నవాణ్ణి. కుర్రతనం. మొదలెట్టిన పని ముగించాలని నాకు నేర్పారు. ఆ చదువు మెరకపేటలో చెల్లలేదు.

నాతోపాటు ఊళ్ళోకి ఒక హార్మోనియం కూడా వచ్చింది. అప్పటిదాకా అక్కడ తాళాలతో, డోలక్కుతో పాడుకునేవారు. హార్మోనియం పెట్టెని చూసి ముసలివాళ్ళు మూతులు ముడిచారు, పడుచువాళ్ళు చంకలు గుద్దుకున్నారు. అయ్యగారు తీర్పు చెప్పాడు.

"ప్రెతి పాటలోనీ మొదటి సగం డోలక్కు, పాత రాగం. రెండో సగం మేష్టరుబాబు పెట్టి, కొత్త రాగం."

"పాట మధ్యలో రాగం మారుస్తారా అండీ?" అన్నాను.

"మరేటి బాబూ! తోవలో ఎడ్లు మార్సుకోమా?"

ఆదివారం పాట ఎత్తుకున్నారు. రెండు చరణాలు బాగానే నడిచాయి. మూడో చరణంలో నేను కొత్త రాగం అందుకున్నాను. పడుచువాళ్ళు నాతో వచ్చారు, ముసలివాళ్ళు పాత రాగంలోనే ఉండిపోయారు. రెండు రైళ్ళు ఒకే పట్టా మీద ఎదురెదురుగా వస్తున్నట్టు ఆ పాట ఢీకొని ఆగింది. అయ్యగారు మాత్రం కళ్ళు మూసుకుని, "బాగుంది. సగం కుదిరింది" అన్నాడు.

తరవాత బెంచీల గొడవ. టెక్కలి బంగళాలో ఉండే దొరసానమ్మగారు మా సంఘానికి బెంచీలు చేయించి పంపారు. చాప మీద కూర్చునే అలవాటున్నవాళ్ళు "కాళ్ళు యేలాడేసుకుని దేవుడి ముందర కూకోవడం ఏటి?" అన్నారు. కొందరు బెంచీలే కావాలన్నారు. ఒక వారం నేను టెక్కలి వెళ్ళి వచ్చేసరికి, అయ్యగారు వడ్రంగిని పిలిపించి అన్ని బెంచీల కాళ్ళూ సగానికి కోయించేశాడు.

అటు చాపా కాదు, ఇటు బెంచీ కాదు. వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ప్రార్థనకి తల వంచితే ముక్కు మోకాలికి కొట్టుకునేది. దొరసానమ్మగారు చూడ్డానికి వచ్చి, పాపం, మర్యాదకి కూర్చున్నారు. ఆవిడ మంచి పొడగరి. లేవడానికి ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకోవలసి వచ్చింది.

"సన్యాసయ్యగారూ," అన్నారు ఆవిడ గౌను దులుపుకుంటూ. ఆవిడది పుస్తకంలో నేర్చుకున్న తెలుగు. "ఈ బల్లలకు మిగిలిన కాళ్ళు ఎక్కడ ఉన్నవి?"

"పొయ్యిలోకి ఎల్లిపోనాయమ్మా," అంది పైడమ్మ వెనకనుంచి.

ఇవన్నీ చిన్నవి. అసలు కథ మందిరం మారడం దగ్గర మొదలైంది.

మా ప్రార్థనలు మొదటినుంచీ పేటలోని తాటాకు పాకలో జరిగేవి. ఒక ఏడు గాలివాన వచ్చి ఆ పాకని ఒక పక్కకి వాల్చేసింది. దొరసానమ్మగారు పూనుకుని టెక్కలి రోడ్డు పక్కన, పేటకి మైలు దూరంలో, పెంకులతో పక్కా మందిరం కట్టించారు. సున్నం కొట్టారు, గంట కట్టారు, మా పొట్టి బెంచీలు అక్కడికి చేర్చారు. ఇక మారడమే మిగిలింది. సంఘం సమావేశమైంది.

జోగారావు లేచాడు. ఉప్పు మడుల్లో మేస్త్రీ, సంఘానికి పెద్ద, అయ్యగారికి వరసకి బావ. ఆయన గొంతు ఉప్పు మడుల ఈ చివరనుంచి ఆ చివరకి వినిపిస్తుంది. పాకలో కూడా అదే గొంతు వాడేవాడు.

"ఇంకేటి ఆలోసన? ఈ ఆదివారంనుంచి కొత్త మందిరం. ఈ పాక పీకీసి వాసాలు నాకిచ్చీండి, పసువుల సాల కట్టుకుంతాను."

"పీకుతావురా జోగీ? ముందు నీ పళ్ళు పీకుతాను, ఉండు."

అది సూరమ్మ గొంతు. సూరమ్మ ఆ పేటలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి. ముసలిది, ఒంటరిది, తాటాకు చాపలు అల్లి బతికేది. ఒకరి చేతి గంజి తాగనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆవిడ నోటికి బుగతగారి పొలాలు చూసే గుమాస్తా ఈశ్వరరావు కూడా తోవ తప్పుకుని పోయేవాడు.

"ఈ పాకకి నానూ మా ముసిలోడూ ఆకు కప్పినాం. నానిది ఒగ్గి రాను. ఎల్లేవోల్లు ఎల్లండి. నానిక్కడే ఒక్కదాన్నీ పాడుకుంతాను."

సగం మంది అటు, సగం మంది ఇటు లేచారు. జోగారావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే సంగం రెండయిపోద్ది," అన్నాడు.  నిజంగానే అలా జరిగేటట్టుంది.

అయ్యగారు కోటు బొత్తాలు పైనుంచి సగందాకా పెట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏమంటాడో తెలిసిపోయింది.

"ఇద్దరి మాటా నాయమే. సగం సేద్దుము."

"ఏటి సగం?" అన్నాడు జోగారావు.

"పాటలు, పార్దన ఇక్కడ పాకలో. వాక్యం, పెసంగం అక్కడ మందిరంలో."

"అయ్యగారూ," అన్నాను నేను ఓర్చుకోలేక. "మధ్యలో మైలు దూరం ఉందండీ!"

"ఉంతే ఏటి బాబూ? కాళ్ళున్నాయి కదా."

"ఆ మైలు ఆరాధనలో ఏ భాగమండీ?"

ఆయన కాస్త ఆలోచించి, "నడక," అన్నాడు.

సూరమ్మ గొణిగింది. "పాకలో మొదలెడితే సరే. అప్పుడు ఒగ్గీసినట్టు కాదు." జోగారావు కూడా గొణిగాడు. "మందిరంలో ముగిత్తే సరే." సంఘం రెండు కాకుండా ఆగింది. ఆరాధన మాత్రం రెండయింది.

అలా మొదలైంది మా ఊరేగింపు. ప్రతి ఆదివారం పాకలో పాటలు పాడి, ప్రార్థన చేసి, "ఆమెన్" అనే లోపల అందరూ లేచి పొలాల గట్ల మీద వరసగా నడిచేవాళ్ళం. ముందు బైబిలు గొడుగులా నెత్తిన పెట్టుకుని అయ్యగారు. వెనకే ఆయన కోటు తోక పట్టుకుని సూరమ్మ. "గట్టు జారుతాది, ముసిలిదాన్ని" అనేది. ఆ వెనక హార్మోనియం నెత్తిన పెట్టుకుని నేను. నా వెనక జోగారావు, ఆయన వెనక మిగిలిన జనం.

నడకలో కూడా అయ్యగారు ఊరుకునేవాడు కాదు. ప్రసంగం మొదలుపెట్టేసేవాడు. అదీ ఎలాంటి ప్రసంగం! అడుగడుక్కీ ఉపమానం.

"సోదర్లారా, ఇక్కడ గొయ్యుంది. పాపం కూడా గొయ్యిలాంటిదే. ఎడంపక్కకి తప్పుకోవాల." నాలుగు అడుగులు. "ఇదిగో, తాడిసెట్టు. ఇక్కడ కుడిసేతికి తిరగాల. మడిసి బతుకులో మలుపులుంతాయి." మరి కాస్త దూరం. "గెడ్డ వచ్చీసినాది, నీళ్ళు సూసుకోండి. రాళ్ళున్నాయి. మూడు రాళ్ళు. ఇసవాసం రాయిలాంటిది."

వారం వారం అదే గొయ్యి, అదే తాడిచెట్టు, అవే మూడు రాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"అయ్యగారూ, ఉపమానాలు మార్చకూడదా? అందరికీ కంఠతా వచ్చేశాయి."

"వచ్చినాయా?" అని ఆయన మొహం వెలిగింది. "అదే కావాల బాబూ."

పొలంలో గుమాస్తా ఈశ్వరరావు మాకోసం కాసుకుని కూర్చునేవాడు. "ఏవయ్యా సన్యాసీ, మీ దేవుడు ఇల్లు మారతన్నాడేటి? సామాను ఇంకా మొయ్యడం అవనేదా?"

"పెద్దిల్లు కదా బాబూ, సామానెక్కువ," అనేవాడు అయ్యగారు. ఈశ్వరరావు నెత్తిన హార్మోనియంతో ఉన్న నన్ను చూసి పడీ పడీ నవ్వేవాడు. భీమునిపట్నం చదువు నాకు అప్పుడు గుర్తొచ్చేది.

అన్నిటికన్నా చిన్నారావు పెళ్ళి ఘోరం. చిన్నారావుది మా పేటే, పెళ్ళికూతురు బొడ్డమ్మది పక్క పేట. పెళ్ళి ఎక్కడ? సగం. పాకలో చిన్నారావుని "ఈ గుంటని చేసుకుంటావా" అని అడిగారు. "సేసుకుంతాను" అన్నాడు. బొడ్డమ్మని అడగడం మందిరంలో. అంటే మైలు దూరం పొడుగునా చిన్నారావుకి పెళ్ళయింది, బొడ్డమ్మకి కాలేదు.

బొడ్డమ్మ తెలివైన పిల్ల. గెడ్డ దగ్గర రాయి మీద ఆగింది.

"నానింకా ఒప్పుకోనేదు. మీ అమ్మ నన్ను ఉప్పు మడులకి పంపుతాదేటి?"

"పంపదు," అన్నాడు చిన్నారావు.

"ఆదోరం మా అమ్మకాడికి ఎల్లనిత్తావా?"

"ఎల్లు."

"అందరికీ ఇనపడేలా సెప్పు."

చిన్నారావు అరిచి చెప్పాడు. జనం గెడ్డలో కాళ్ళు పెట్టుకుని విన్నారు. ఆ తరవాత మా పేటలో పెళ్ళి కావలసిన ఆడపిల్లలందరూ సగం పెళ్ళే కావాలని పట్టుబట్టారు.

దొరసానమ్మగారి చెవిన పడకుండా ఉంటుందా? ఒక ఆదివారం ఆవిడ నేరుగా కొత్త మందిరానికి వచ్చి, ఖాళీ గోడలని చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. చివరికి పొలాల్లోంచి పాడుకుంటూ, బురద కాళ్ళతో, నెత్తిన హార్మోనియంతో మేం దిగాం.

"సన్యాసయ్యగారూ, ఇది సబబు కాదు. దేవుడు సగము పని చేసినాడా?"

"ఒక్కరోజులో మాత్తరం సెయ్యనేదు కదమ్మా. ఆరు రోజులు తీసుకున్నాడు."

ఆవిడకి నవ్వు వచ్చిందేమో గాని దాచుకున్నారు. "క్రిస్మసు వరకు సమయము ఇచ్చుచున్నాను. ఆ దినము మొదలు ఆరాధన ఇచ్చటనే. లేనియెడల ఈ సంఘమునకు మరియొక పాస్టరును పంపవలసి వచ్చును."

ఆవిడ గుర్రబ్బండి వెళ్ళాక పైడమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అరడజను పిల్లలతో ఎక్కడికి పోతారు? నాకు ఆయన మీద జాలి, దానికి రెండింతలు చిరాకు.

"ఒక్క ముసలావిడ మొండితనానికి ఇంత అవసరమాండీ? పాక తీసేస్తే రెండు వారాలు అలుగుతుంది, మూడో వారం తనే వస్తుంది."

"రానేదు బాబూ," అన్నాడాయన మెల్లగా. రాదు అనే అర్థంలోనే అన్నాడనుకున్నాను, రావడం చేతకాదని కాదు.

కార్తీకంలో వానలు ముసురుకున్నాయి. ఆ ఆదివారం కాస్త తెరిపిచ్చింది, మేం బయలుదేరాం. ఈశ్వరరావు ఎప్పటిలాగే దేవుడి సామాను సంగతి ఎత్తాడు. ఆ రోజు అయ్యగారు జవాబు చెప్పడానికి ఒక్క నిమిషం గట్టు పక్కన ఆగాడు. సూరమ్మ ఆగలేదు. కోటు తోక వదిలేసి, తల ఎత్తుకుని, దొరసానిలా ముందుకు నడిచిపోయింది. ఆవిడ వెనక నేను.

ముందు రోజు పొలంలో నీళ్ళు పోవడానికి ఎవరో గట్టుకి గండి కొట్టారు. అడ్డంగా ఒక గేదె పడుకునేంత గండి. పట్టపగలు. చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. పక్కనుంచి దిగి పోతుందిలే అనుకున్నాను. సూరమ్మ అడుగు తడబడకుండా, తిన్నగా, గాలిలోకి నడిచింది. నడుంలోతు బురదనీళ్ళలో పడింది.

నేను నోరు తెరిచే లోపల వెనకనుంచి ఒక నల్లకోటు దూసుకు వచ్చింది. అయ్యగారు నా చేతిలోకి బైబిలు విసిరి, ఆ గండిలోకి ధభాలున దూకాడు.

"ఓలమ్మో! ఇక్కడ గండుందేటి! నాకు కనపడనేదు! ఎవులికీ కనపడదిది! సూరమ్మత్తా, నువ్వూ పడ్డావేటి?"

"నాను పడ్డం ఏట్రా, నువ్వే నన్ను తోసినావు!" అంది సూరమ్మ, మొహాన బురద తుడుచుకుంటూ.

"తప్పయిపోనాది అత్తా. కాలు జారి నీ మీద పడిపోనాను."

తోశాడా? ఆయన పది బారల వెనక ఉన్నాడు! నేను ఆ మాట అనబోతున్నాను. జోగారావు నా పక్కకి వచ్చి గండిని చూశాడు, సూరమ్మని చూశాడు. "ఇలాటి తోవలో నడిపిత్తే మరేటవుద్ది?" అని గట్టిగా తిట్టుకుంటూ ఆయన కూడా జారి పడ్డాడు. ఆ వెనక చిన్నారావు. బొడ్డమ్మ. పైడమ్మ. ఒకరి తరవాత ఒకరు "ఓలమ్మో, కనపడనేదు" అంటూ పడ్డారు. ఏం చేతకాని జనంరా అనుకుంటూ హార్మోనియంతో గట్టు మీద నిలబడ్డాను. ఆ రోజు మా సంఘంలో మళ్ళీ బాప్తిస్మం పొందనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆరాధన అయ్యాక అయ్యగారు మందిరం వెనక కోటు పిండుకుంటూ దొరికాడు.

"అయ్యగారూ, మీరు ఆవిణ్ణి తొయ్యలేదు."

"నేదు."

"గండి మీకు కనపడింది."

"కనపడింది." కోటు ఇంకోసారి పిండాడు. "ఆవిడకే కనపడనేదు. రెండు కళ్ళకీ పొరలొచ్చీసినాయి మేష్టరుబాబూ. గాలివానకి ముందరే. ఇప్పుడు ఎలుగూ సీకటీ తప్ప ఏటీ తెలీదు."

నేను ఆయన ఎదురుగా ఇటుకల మీద కూర్చున్నాను.

"నాకెలా తెలిసిందంతావా? ఒకనాడు పాకలో కొయ్యకి నా కోటు తగిలించినాను. ఆవిడ వచ్చి ఆ కోటుని పట్టుకుని తిట్టింది. 'ఏరా సన్యాసీ, నిన్న రానేదేటి, నోరు పడిపోనాదా' అని ఒకటే తిట్టడం. నాను పక్కనే ఉన్నాను. కోటు మారు మాటాడనేదని మరింత కోపం!" అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. "గుడ్డిదని తెలిత్తే గుమ్మంలో కూకోబెట్టి గంజి పోత్తారు. ఆ గంజి ఆవిడ తాగదు. సచ్చిపోద్ది. పాకలో ప్రెతి వాసం ఆవిడ సేతికి తెలుసు. కొత్త తోవ తెలీదు. అందుకే ఒగ్గి రానంది. మొండిదనిపించుకుంతాది గాని, గుడ్డిదనిపించుకోదు."

"అయితే ఆవిడకి తోవ నేర్పొచ్చు కదండీ, మెల్లగా?"

"ఆవిడ ఒక్కదాన్నీ తీసుకెల్తే తోవ నేర్పినట్టు తెలిసిపోద్ది. అందరినీ నడిపిత్తే అది ఆరాదన."

గొయ్యి, తాడిచెట్టు, మూడు రాళ్ళు, ఎడంపక్క, కుడిచేయి. నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"మరి బెంచీల కాళ్ళు? అదీ ఆవిడ కోసమేనా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "నేదు బాబూ. అది నిజంగా నా బుర్ర తక్కువ పనే."

"పాటలో రాగం మార్చడం?"

"నాకు కొత్త రాగం రాదు." తరవాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి నాకూ నీకూ తప్ప ఎవులికీ తెలీదు. జోగారావుకి అసలు తెలీకూడదు. ఆడి గొంతు నీకు తెలుసు కదా."

ఒట్టు వేశాను. ఆ రహస్యం మోయడం హార్మోనియం మోసినదానికన్నా కష్టమైంది.

తరవాతి ఆదివారం తాడిచెట్టు మలుపు దగ్గర జోగారావు గట్టిగా దగ్గాడు. ఆ తరవాతి వారం కూడా సరిగ్గా అక్కడే దగ్గాడు. గెడ్డ దగ్గరికి రాగానే బొడ్డమ్మ ముందుకు పరుగెత్తి గాజుల చేతులు నీళ్ళలో ఆడించేది. కొత్త గండి పడిన చోట ఎవరో మట్టి వేసి గట్టి చేశారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. జోగారావుని పక్కకి పిలిచాను.

"మీకు సూరమ్మ సంగతి తెలుసా?"

ఆయన అటూ ఇటూ చూసి, జీవితంలో మొదటిసారి గుసగుసగా మాట్లాడాడు. "గాలివాననాడే తెలుసు. మేష్టరుగోరూ, నీ కాళ్ళు పట్టుకుంతాను, మా బావకి మాత్రం సెప్పకు. ఆడికి తెలీదు. తెలిత్తే పెసంగంలో సెప్పీగలడు."

"మరి ప్రతి వారం మందిరం పూర్తిగా మారాలని ఆయనతో దెబ్బలాడుతున్నారు కదా?"

"దెబ్బలాడకపోతే అనుమానం రాదేటి?"

బొడ్డమ్మని అడిగితే, "జోగారావు మావకి సెప్పకండి" అంది. చిన్నారావు, "బొడ్డికి సెప్పకండి, ఏడుత్తాది" అన్నాడు. పైడమ్మ, "మా ఆయనకి తెలిత్తే నిద్దరపోడు" అంది. ఊరు ఊరంతా ఒకే రహస్యాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటోంది. ఇంత కాలం తెలియనిది చదువుకున్న మేష్టరికి, పొలంలో నవ్వే ఈశ్వరరావుకి మాత్రమే అనుకున్నాను. ఆ గండికి మట్టి వేయించింది ఈశ్వరరావే అని తరవాత తెలిసింది.

క్రిస్మసు వచ్చింది. పొద్దున్నే పాకలో పాట ఎత్తుకోవడానికి చూస్తే సూరమ్మ లేదు. ఇంటికి వెళ్ళి చూశారు. తడిక వేసి ఉంది, మనిషి లేదు. అయ్యగారి మొహం పాలిపోయింది. నూతిలో చూశారు, ఉప్పు కాలవ దాకా పరుగెత్తారు. జోగారావు గొంతెత్తి "అత్తా! సూరమ్మత్తా!" అని పిలిస్తే కొంగలు లేచిపోయాయి. కనపడలేదు. ఇక మిగిలింది ఒక్క తోవ. పాట లేదు, ప్రార్థన లేదు, వరస లేదు. అందరం గట్ల మీద పడి పరుగెత్తాం. నా హార్మోనియం పాకలోనే ఉండిపోయింది.

మందిరం తలుపు తీసి ఉంది. లోపల ముందు వరసలో, ఆ పొట్టికాళ్ళ బెంచీ మీద, కొత్త చీర కట్టుకుని సూరమ్మ కూర్చుని ఉంది. పక్కనే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని దొరసానమ్మగారు. సూరమ్మ ఆవిడకి ఏదో చివాట్లు పెడుతోంది.

"ఇప్పుడా రావడం?" అంది మా అడుగుల చప్పుడు వినగానే. "దొరసానమ్మ వచ్చి ఎంతసేపయినాది! నాను ఎలుగు రాకముందే బయల్దేరి వచ్చీసినాను. ఒరే సన్యాసీ, ఈ సగం ఆరాదన ఏట్రా? ముసిలిదాన్ని ఎన్నాళ్ళు గట్లంట తిప్పుతావు? కాళ్ళు పడిపోతన్నాయి. సిగ్గునేదేటి నీకు? ఇంక అంతా ఇక్కడే. ఇనపడిందేటి?"

అయ్యగారు గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు. 

"ఇనపడింది అత్తా. బుద్ధొచ్చింది."

"నాను మొదటినుంచీ సెప్తనే ఉన్నాను, ఈడు ఇంటేనా!" అన్నాడు జోగారావు పైకి కోపంగా, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. తలో మాటా అయ్యగారినే తిట్టారు. ఆయన అందరి తిట్లూ చల్లగా తిన్నాడు. నా పక్కకి జరిగి, "సూసినావా బాబూ, ఒక్కడికీ తెలీకుండా పనయిపోనాది," అని చెవిలో చెప్పాడు. "అవునండీ" అన్నాను.

దొరసానమ్మగారు సంతోషించి లేవబోయారు. లేవలేక అక్కడినుంచే ప్రకటించారు. "ఈ మందిరమునకు నేను తెచ్చిన క్రిస్మసు బహుమానము చూచితిరా? ఆ కిటికీలో రంగు అద్దము బిగించినారు."

అందరం తలెత్తి చూశాం. తూర్పు కిటికీలో చిక్కటి నీలపు అద్దం. పొద్దుటి ఎండ దాంట్లోంచి పడి, సూరమ్మ కొత్త చీర, చేతులు, మొహం అన్నీ నీలంగా ఉన్నాయి.

సూరమ్మ కూడా అందరితోపాటు తల ఎత్తింది. ఆ వేడి తగిలిన వైపు మొహం తిప్పి తృప్తిగా చూసింది.

"నాను రాగానే సూసినాను. ఎంత బాగుందమ్మా! మందారపువ్వులాగ ఎర్రగా ఉన్నాది."

 దొరసానమ్మగారి నోరు తెరుచుకుంది. "కాని, సూరమ్మగారూ, అది..."

"ఎరుపే!" అన్నాడు జోగారావు, పైకప్పు పెంకులు అదిరేలా. "మంచి ఎరుపు అత్తా!"

"కుంకం ఎరుపు," అంది బొడ్డమ్మ.

"మా పెళ్ళి సీర కూడా ఇంత ఎర్రగా నేదు," అంది పైడమ్మ. చిన్నారావు తలాడించాడు. వెనకనుంచి పేట పేటంతా "ఎరుపు, ఎరుపు" అని గొణిగింది.

అయ్యగారు వెనక్కి తిరిగాడు. జోగారావుని చూశాడు, బొడ్డమ్మని చూశాడు, సొంత పెళ్ళాన్ని చూశాడు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆయన నోరు మెల్లగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

దొరసానమ్మగారు మా అందరినీ ఒకసారి పరికించారు. తరవాత పక్కన కూర్చున్న ముసలావిడ కళ్ళలోకి చూశారు. చాలాసేపు చూశారు. అబద్ధమాడడం ఆవిడ పుస్తకంలో లేదు. తెల్లటి మొహం మెడదాకా కందిపోయింది.

"అవును, సూరమ్మగారూ," అన్నారు చివరికి. "మిక్కిలి ఎరుపుగా నున్నది."